దుమ్ముతోనే వస్తానన్న చెల్లెలు

మా చెల్లెలు పోయిన మంగళవారం ఉదయం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆస్పత్రి నుంచి ఫోను చేసింది ఆమె బ్యాండులో డప్పు వాయించే అబ్బాయి. అబ్బాయి అనడం మా ఇంటి అలవాటు. అతని మీసంలోనూ ఇప్పుడు తెల్ల వెంట్రుకలున్నాయి. "అక్కా, నిదానంగా రాండి. ఇంక తొందర లేదు" అన్నాడు. మోకాళ్ళూని కాసేపు ప్రార్థన చేసుకున్నాను. పక్కింటామెకు తాళం చెవి ఇచ్చి బస్సెక్కాను.

మీలో కొందరు ఆమె పాట విని ఉంటారు. తొంభైలలో ఈ బెంగుళూరులో, కాలేజీ మైదానాల్లో, బ్రిగేడ్ రోడ్డు పక్క సందుల్లోని పబ్బుల్లో, నూలు చీర కట్టుకుని, బాంజో మెడలో తగిలించుకుని, దేవుడి పాటలను పరుగు పెట్టించిన మనిషి ఆమె. వినని వాళ్ళ కోసం కూడా రాస్తున్నాను.

వెళ్ళే ముందు నాకొక పని అప్పగించింది. "నన్ను మట్టి చేసేటప్పుడు డప్పు కొట్టాలక్కా. సంఘం ఒప్పుకొని కొట్టాల. కొట్లాడి కాదు." భూస్థాపన మరునాడే. ఒప్పించడానికి నా చేతిలో ఉన్నది ఒక మధ్యాహ్నం.

బయటివాళ్ళకు ఇది చిన్న కోరికలా కనబడవచ్చు. మా చర్చి సంఘంలో ఇంతకంటే పెద్దది లేదు. మా తాత అనంతపురం పక్క పల్లెలో డప్పు కొట్టేవాడు. ఊరి పెద్దిళ్ళలో ఎవరు పోయినా పీనుగు ముందు నడిచి కొట్టాలి. జ్వరమొచ్చినా కొట్టాలి, సొంత బిడ్డ పోయిన వారమైనా కొట్టాలి. కొట్టనంటే ఊళ్ళో ఉండనివ్వరు. మా నాయన మీసాలు రాకముందే ఆ ఊరు వదిలి ఇక్కడికి వచ్చాడు. మా సంఘంలో సగానికి పైగా ఇళ్ళు అలా వచ్చినవే. ఆరాధన హాలులోకి హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, గిటారు వచ్చింది, చివరికి కీబోర్డు కూడా వచ్చింది. డప్పు రాలేదు. రాకూడదని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

మా అమ్మ త్వరగా పోయింది. చెల్లెల్ని నేనే పెంచాను. నాయన బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని, ఆదివారం సంఘ పెద్ద. ఆమెకు జడ వేస్తున్నప్పుడు కూడా కాళ్ళతో నేల మీద తాళం వేస్తూ ఉండేది. "కదలకుండా కూర్చోవే" అంటే, "నేను కూర్చోనే ఉండా అక్కా, కాళ్ళే కదులుతుండాయి" అనేది.

మా ఎదురింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ తాత ఉండేవాడు. కోలారు బంగారు గనుల్లో పనిచేసి రిటైరై వచ్చినవాడు. సాయంత్రం కాగానే వాకిట్లో కుర్చీ వేసుకుని అమెరికా కొండల్లోని బీదవాళ్ళ పాటలు రికార్డు పెట్టేవాడు. కంట్రీ అనేవాడు వాటిని. ఒకటి గుడి పాట, తరవాతది తాగుబోతు పాట, మళ్ళీ గుడి పాట. చెల్లెలు గడప దాటి, రోడ్డు దాటి, ఆయన కాళ్ళ దగ్గర చేరింది.

"తాతా, ఒకదాంట్లో ప్రభువు, ఒకదాంట్లో సారాయి. ఏందిది?"

"బ్రదర్స్, పాప. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నదమ్ములు. ఒకడు చర్చికి పోతాడు, ఒకడు పోడు. వాళ్ళమ్మకి ఇద్దరూ కావాలి కదా?"

చేతులు వణకడం మొదలైనాక ఆయన తన బాంజోను ఆమెకిచ్చేశాడు. నాయన అడ్డు చెప్పలేదు. దొరల వాయిద్యం, దొరల దేవుడి పాటలు, తప్పేముంది అనుకున్నాడు. ఒకరోజు ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, గుండ్రని భాగం మీద వేలితో కొట్టింది. నావైపు తిరిగి అంది: "అక్కా, దీనికి తోలు కప్పినారు. డప్పుకు తీగలు కట్టినట్లుండాది."

నాయన పేపరు కిందికి దించాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు.

"గమ్మున వాయించుకో చిన్నమ్మీ."

"దొరల తోలైతే సరే, మన తోలైతే తప్పా నాయనా?"

నాయన మళ్ళీ పేపరు పైకెత్తాడు. అది తిరగేసి పట్టుకున్నాడని నేను చివరిదాకా చెల్లెలికి చెప్పలేదు; చెబితే నవ్వేది.

కాలేజీకి వచ్చాక ఆమెకు ఇంకో సంగీతం దొరికింది. చెవులకు పిన్నులు పెట్టుకుని, గిటారును గోడకేసి కొట్టేలా వాయించే కుర్రాడొకడు స్నేహితుడయ్యాడు. పంక్ అనేవాళ్ళు దాన్ని. మూడు స్వరాలు, బోలెడంత కోపం. నాకు తలనొప్పి వచ్చేది. ఆమెకు మాత్రం మా హాలులో ముసలమ్మలు కన్నీళ్ళతో పాడే పాటా, ఎదురింటి తాత రికార్డూ, ఆ కుర్రాడి గిటారూ ఒకే గుండె నుంచి వచ్చినట్టు వినిపించేవి. ముగ్గురూ ఆకలిమీద ఉన్నవాళ్ళేనట.

అలా బ్యాండు పుట్టింది. ఆమె, గిటారు కుర్రాడు, సంగీతం టీచరు దగ్గర దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఫిడేలు అమ్మాయి. మా మిద్దె మీద రేకుల గదిలో సాధన. కింద నేను సంగటి కెలుకుతూ ఉంటే పైకప్పు ఊగేది. మొదట్లో వాళ్ళకు డప్పు లేదు. నూనె డబ్బా కొట్టేవాళ్ళు. తరవాత బొమ్మసంద్రలో లేతు మిషను మీద పనిచేసే ఈ అబ్బాయి వచ్చాడు. వాళ్ళ తాతదట, అటక మీద పడున్న డప్పు ఒకటి సంచిలో తెచ్చాడు. నాయన ఇంట్లో లేని వేళ మెట్లెక్కాడు. పైనుంచి మొదటి దెబ్బ వినబడగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. నేను అంతవరకు డప్పును దగ్గరగా విని ఎరుగను. అయినా ఒంటికి తెలిసినట్టే అనిపించింది.

ఆ సాయంత్రం కట్టిన పాటే వాళ్ళకు పేరు తెచ్చింది.

నడిచొస్తా ప్రభువా, చెప్పుల్లేకుండా నడిచొస్తా
నీ వాకిట్లో దులుపుకోను, దుమ్ముతోనే వస్తా

బాంజోతో నిదానంగా మొదలయ్యేది. రెండో చరణానికి డప్పు అందుకునేది. మూడో చరణంలో ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలిసేది కాదు. ఇంత వేగమెందుకు, మాటలు వినబడనీ అని నేనంటే, "తొందర వేరు, పరుగు వేరు అక్కా. తొందరపడేవాడికి భయం. పరుగెత్తేవాడికి ఎవరో కనబడినారు" అంది. ఆ మాట నా ప్రార్థనలో ఇప్పటికీ ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పబ్బులో పాట ఉందంటే ఆరాధన అయిపోయాక నేనూ వెళ్ళాను. బైబిలు చేతిసంచిలోనే ఉంది. ఒక మూల కూర్చుని నిమ్మరసం తాగాను. జనం బాగానే ఊగారు. అయిపోయాక మేనేజరు చెల్లెలి దగ్గరికి వచ్చాడు, మర్యాదస్థుడే.

"మేడం, సూపర్. ప్రతి నెలా చేయండి. ఒకటే రిక్వెస్టు. ఆ ప్రభువు అనే మాట ఉంది చూడండి, దాని బదులు డార్లింగ్ అనో, ఫ్రెండ్ అనో పెట్టుకోండి. కస్టమర్లు స్వల్ప బేజారవుతున్నారు."

"మీ కస్టమర్లు ఊగినారు కదప్పా."

"ఊగారు మేడం. ఊగి, తరవాత ఎందుకు ఊగామా అని ఆలోచిస్తున్నారు."

"ఆలోచించనీండి. మంచిదే కదా" అని బాంజో పెట్టె మూసింది.

ఆ నెలలోనే మా సంఘ పెద్దలకు సంగతి తెలిసింది. క్రిస్మస్ ఆరాధనలో పాడమన్నారు, పాట మంచిదే అన్నారు, డప్పు మాత్రం గేటు బయట పెట్టి రమ్మన్నారు. ఆ మాట చెప్పింది మా నాయనే. సంఘ పెద్దగా చెప్పాడు, తండ్రిగా నేల చూశాడు.

ఆ రోజు మిద్దె మెట్ల మీద కూర్చుని ఆమె నాతో అంది: "అక్కడ దేవుణ్ణి తీసెయ్యమంటారు. ఇక్కడ డప్పు తీసెయ్యమంటారు. రెండూ తీసేస్తే ఇంక నేనేడుంటా అక్కా?"

క్రిస్మస్‌కు పాడలేదు. అలిగి ఇంట్లోనూ కూర్చోలేదు. వరసలో కూర్చుని అందరితో కలిసి నిదానం పాటలే పాడింది. ఆమెది మొండితనమని చాలామంది అన్నారు. మొండివాళ్ళు ఎదుటివాళ్ళు ఓడిపోవాలని చూస్తారు. ఆమెకు ఎవరూ ఓడనక్కరలేదు.

వర్తూరు చెరువు గట్టున జరిగిన సంగతి చెప్పాలి. అప్పటికి వర్తూరు ఇంకా పల్లెలాగే ఉండేది. స్నేహితుల పెళ్ళి, షామియానా కింద వీళ్ళ పాట. పెళ్ళిలో డప్పు కొడుతున్నారని ఎవరో వెళ్ళి నాయన చెవిన వేశారు. నన్ను వెంటబెట్టుకుని, కూతుర్ని ఇంటికి తెచ్చేస్తానని బయల్దేరాడు. మేం వెళ్ళేసరికి వాన వెలిసింది. తడి గాలికి డప్పు తోలు వదులై, కొడితే గోనెసంచి మీద కొట్టినట్టు చప్పుడు. లేతు మిషను అబ్బాయికి మిషను తెలుసు, డప్పు వాళ్ళ ఇంట్లో తరం కిందటే ఆగిపోయింది. వంటవాళ్ళ గ్యాసు పొయ్యి వెలిగించి, దోసె కాల్చినట్టు దాన్ని మంట మీద బోర్లించబోతున్నాడు. గిటారు కుర్రాడు పక్కన నిలబడి, "ఇంకా కొంచెం పెంచు మచ్చా" అంటున్నాడు.

"రేయ్! తియ్యరా!"

అంత గట్టిగా నాయన అరవడం నేనెప్పుడూ వినలేదు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, పోయి డప్పు లాక్కున్నాడు. "పగిలిపోతాదిరా. మంట తగలకూడదు, సెగ తగలాల. ఎవుర్రా నీకు చెప్పింది?" ఎండు కొబ్బరి మట్టలు అడిగి తెప్పించుకుని, కింద మంట వేసుకుని, దూరం నుంచి డప్పును చుట్టూ తిప్పుతూ చూపించాడు. మధ్యమధ్యలో చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవాడు. చుట్టూ ఎవరున్నారో మరిచిపోయాడు. చివరికి పుల్లలు తీసుకుని ఒక్క వరస కొట్టాడు. చెరువు మీది కొంగలు లేచాయి.

చెల్లెలు నోరు తెరిచి చూస్తోంది. "నాయనా, నీకు వచ్చా?"

"మా నాయన నేర్పినాడు. తర్వాత నేనే వదిలిపెట్టినా." డప్పు అబ్బాయి చేతికిచ్చాడు. "ఇప్పుడు కొట్టు."

ఇంటికి తీసుకుపోయే మాట మళ్ళీ ఎత్తలేదు. పాట జరిగినంతసేపూ వేదికకు వీపు తిప్పి, చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వస్తూ బస్సులో చెల్లెలే అడిగింది.

"ఇప్పుడైనా హాల్లోకి తీసుకురావచ్చా?"

"వద్దమ్మీ. హాలు నా ఒక్కడిదే కాదు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ వణికే ముసలోళ్ళు ఉండారు. నేనే వణికినా ఇందాక."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "సరే నాయనా. వాళ్ళు రమ్మనేదాకా బయటనే ఉంటుంది" అంది. ఆ మాట తప్పలేదు. ఏళ్ళ తరబడి ఊరంతా వాయించింది, మా హాలు గేటు లోపలికి మాత్రం తేలేదు. వాయించడం మాననూ లేదు. గిటారు కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి జుట్టు కత్తిరించుకున్నాడు, ఫిడేలు అమ్మాయికి కవల పిల్లలు పుట్టారు. అయినా శనివారం సాయంత్రం అందరూ రేకుల గదికి రావాల్సిందే. రాకపోతే వాళ్ళ ఇంటి ముందుకే వెళ్ళి బాంజో మొదలుపెట్టేది. పక్కింటివాళ్ళే వాళ్ళను బయటికి తరిమేవాళ్ళు.

నాయన పోయేముందు చెప్పాడు, నా మట్టికి ఆ చప్పుడు వద్దు అని. ఊరివాళ్ళ పీనుగుల ముందు నడిచిన తన తండ్రి కాళ్ళు కళ్ళముందుకు వస్తాయట. చెల్లెలు ఆ రోజు డప్పును, బాంజోను ఇంట్లోనే వదిలి, వట్టి గొంతుతో పాడింది. ఎంత నిదానంగా పాడిందంటే, ఆమెకు అది కూడా వచ్చని సంఘమంతా అప్పుడే తెలుసుకుంది.

తరవాత కొన్నేళ్ళకు జబ్బు వచ్చింది. మొదట రొమ్ములో, ఆపైన ఊపిరితిత్తుల్లో. ఆస్పత్రి మంచం మీద ఒకసారి గొంతు లేకుండానే నవ్వింది. "నాయనకు వద్దు, కొట్టలేదు. నాకు కావాల. నీవే అడగాలక్కా."

"ఒప్పుకోకుంటే?"

"నువ్వు అడిగితే ఒప్పుకుంటారు. ఎప్పుడూ ఏమీ అడగలేదు కదా నీవు."

మంగళవారం మధ్యాహ్నం హాలులో పాస్టరు అయ్యగారు, నలుగురు పెద్దలు, స్త్రీల సమాజంలో అందరికంటే పెద్దదైన అవ్వ కూర్చున్నారు. ఆమెను మేమంతా సమాజం అవ్వ అంటాం. డప్పు మాట వస్తే అందరికంటే ముందు ముఖం తిప్పుకునేది ఆమే. నేను లేచి అడిగాను. ఎక్కువ మాటలు నాకు రావు.

ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "భూస్థాపన ఆరాధన గదమ్మా. కచేరీ కాదు. ఆ పిల్లంటే మాకూ ప్రేమే. కాని సంఘానికి ఒక పద్ధతుంటాది."

"పద్ధతి మార్చమని అడగడంలేదు అన్నా. ఒక్కసారి కొట్టనివ్వమని అడుగుతున్నా."

అవ్వ కర్ర నేలకు తాటించింది. "నీకు తెలీదు పెద్దమ్మీ. మా నాయన కొట్టీకొట్టీ వేళ్ళు పగిలి నెత్తురు కారేది. వాళ్ళ పీనుగు ముందర ఎండలో నడుచుకుంటా పోయేవాడు. తాగితే తప్ప నడవలేకపోయేవాడు. ఆ చప్పుడు నా చెవుల్లో యింకా ఉండాది. దేవుడింటికి వచ్చినంక కూడా అదేనా?"

నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. మాట నాదో చెల్లెలిదో తెలియకుండా వచ్చింది.

"అవ్వా, ఊరోళ్ళ బిడ్డలకు మనోళ్ళు తరతరాలు కొట్టినారు. మన బిడ్డకు ఎవరైనా కొట్టినారా?"

అవ్వ నావైపు తిరిగింది.

"ఎవురు కొడతాడు?"

"బొమ్మసంద్రలో పనిచేసే అబ్బాయి."

"మనోడేనా?"

"మనోడే."

"ఎవరన్నా బలవంతం చేస్తాండారా వాణ్ణి?"

"లేదవ్వా. వద్దన్నా కొట్టేట్టుండాడు."

అవ్వ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "అట్లయితే కొట్టనీ. నేను మాత్రం దగ్గరికి రాను. గోడకాడ నిలబడతా." అయ్యగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు అవ్వ వైపు చూశారు. ఆమె ఒప్పుకున్నాక కాదనే ధైర్యం ఎవరికుంది?

బుధవారం ఎండ మండిపోయింది. సమాధుల తోటలో నీడ లేదు. మా ఆడవాళ్ళు అందరూ నల్ల గొడుగులు వేసుకుని వరసగా నిలబడ్డారు. అవ్వ అన్నట్టే దూరంగా, గోడ పక్కన, తన గొడుగు కింద నిలబడింది. అయ్యగారు వాక్యం చదివారు. పెట్టె దించారు. నేను మొదటి పిడికెడు మన్ను వేశాను.

గిటారు కుర్రాడు ఆమె బాంజో అందుకుని నిదానంగా మొదలుపెట్టాడు. ఫిడేలు అమ్మాయి కలిసింది. ఆ పాటను గొంతెత్తి పాడింది నేను. పాడగలనని నాకూ తెలియదు. రెండో చరణం దగ్గర డప్పు మొదటి దెబ్బ పడింది. ఆడవాళ్ళ వరసలో కొందరు ఉలిక్కిపడ్డారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆగలేదు. పాట పరుగందుకుంది.

మూడో చరణంలో గోడ వైపు చూశాను. అవ్వ కర్రను గోడకు ఆనించింది. గొడుగు ముడిచి, చంకలో ఇరికించుకుంది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు మొదలుపెట్టింది. ఆమెను చూసి వరసలో ఒకామె ముడిచింది, ఆ పక్కామె, ఆమె పక్కామె. నల్ల గొడుగులు ఒక్కొక్కటే ముడుచుకుపోతూ ఉంటే, వాటి కింద నుంచి తెల్లటి తలలు ఎండలోకి వచ్చాయి.